హోప్ అనే ఊరు, ముగ్గురు గవర్నర్లు, ఒక కారు ఫీజు

క్లుప్తంగా: అమెరికా రాష్ట్రాల్లో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి స్థాయి మనిషి. అక్కడి చట్టసభలోకి వెళ్లడానికి తలుపు చాలా చోట్ల చిన్నదే, జీతం మాత్రం ఇంకా చిన్నది. బడ్జెట్ సరిపోవాలన్న నిబంధన దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఉంది కాబట్టి, ఎన్నికల్లో ఇచ్చిన ఆశకు లెక్క అక్కడే తొందరగా తేలుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్దరు మహిళలు రెండు రాష్ట్రాల్లో లెఫ్టినెంట్ గవర్నర్లుగా గెలిచాక ఈ పదవులపై మన దగ్గర ఆసక్తి పెరిగింది, గందరగోళం కూడా.

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రానికి నైరుతి మూలన హోప్ అనే చిన్న ఊరుంది. జనాభా 9 వేల లోపు. బాగా కాస్తే 100 కిలోలు దాటే పుచ్చకాయలకు ఆ ఊరు ప్రసిద్ధి. ఆంగ్లంలో ఆ మాటకు ఆశ అని అర్థమే గానీ, ఊరికి పేరు పెట్టినవాళ్లు అంత దూరం ఆలోచించలేదు. 19వ శతాబ్దంలో అటుగా రైలు మార్గం వేసిన కంపెనీ పెద్దమనిషి కూతురి పేరు హోప్. ఆ అమ్మాయి పేరే ఊరికి వచ్చింది. మన ఇళ్లలో ఆడపిల్లకు ఆశ అని పేరు పెట్టుకున్నట్టే.

ఇంత చిన్న ఊళ్లో పుట్టినవాళ్లు ముగ్గురు ఆ రాష్ట్రానికి గవర్నర్లయ్యారు. డెమొక్రాట్ బిల్ క్లింటన్, రిపబ్లికన్ మైక్ హకబీ, ఆయన కూతురు సారా హకబీ శాండర్స్. 2023 జనవరిలో ప్రమాణం చేసిన శాండర్స్ ఆ రాష్ట్రానికి తొలి మహిళా గవర్నర్. 1992లో అధ్యక్ష పదవికి నామినేషన్ అందుకున్న రాత్రి క్లింటన్ తన ప్రసంగాన్ని ఈ ఊరి పేరుతోనే ముగించారు. పన్నెండేళ్ల తర్వాత 2004 జులైలో, బోస్టన్‌లో ఆశ గురించి మాట్లాడి దేశం దృష్టిలో పడిన బరాక్ ఒబామా అప్పటికి ఇలినాయ్ రాష్ట్ర సెనేట్‌లో సభ్యుడు మాత్రమే. అమెరికా రాజకీయాల్లో ఈ మాట ఎక్కువగా రాష్ట్రాల నుంచి వాషింగ్టన్‌కు వెళ్లినవాళ్ల నోటనే వినబడింది. అందుకు కారణం రాష్ట్ర ప్రభుత్వాల నిర్మాణంలో ఉంది.

గవర్నర్ అంటే మన గవర్నర్ కాదు

మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికా గవర్నర్‌ను రాష్ట్ర ప్రజలు నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. కార్యనిర్వాహక అధికారం ఆయనదే, బడ్జెట్ ప్రతిపాదన ఆయనదే, రాష్ట్ర నేషనల్ గార్డ్ దళం మామూలు రోజుల్లో ఆయన ఆజ్ఞ కిందే ఉంటుంది. మన ముఖ్యమంత్రికీ ఆయనకూ ఒక పెద్ద తేడా ఉంది. ముఖ్యమంత్రి అసెంబ్లీలో మెజారిటీ ఉన్నంతవరకే ఉంటారు. అమెరికా గవర్నర్‌కు చట్టసభలో మెజారిటీ లేకపోయినా పదవికి ఢోకా లేదు. అలాగని చేతిలో మెజారిటీ లేకుండా పెద్దగా చేయగలిగేదీ లేదు.

రాష్ట్రం చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. బడులు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, రోడ్లు, పోలీసు, జైళ్లు, ఎన్నికల నిర్వహణ, చివరికి అధ్యక్ష ఎన్నికకు ఓట్లు లెక్కపెట్టడం కూడా రాష్ట్రాల పనే. అక్కడ ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలకు వీసా టెన్షన్ వాషింగ్టన్ నుంచి వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు, పిల్లల బడి, స్థానికులకు తక్కువ ఫీజుతో ప్రభుత్వ కాలేజీ సీటు మాత్రం రాష్ట్ర నియమాల్లో ఉంటాయి. టీవీ చర్చలు అధ్యక్షుడి చుట్టూ తిరుగుతాయి గానీ, రోజువారీ జీవితంలో తగిలే ప్రభుత్వం ఎక్కువగా రాష్ట్రానిదే.

కారు ఫీజు కొట్టిన దెబ్బ

ఇచ్చిన ఆశకు రాష్ట్రంలో లెక్క ఎలా తేలుతుందో చూడాలంటే క్లింటన్ మొదటి పదవీకాలం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

1978లో 32 ఏళ్ల వయసులో ఆయన దాదాపు 63 శాతం ఓట్లతో గెలిచారు. అప్పట్లో ఆర్కన్సా గవర్నర్ పదవీకాలం రెండేళ్లే. అంటే ఒక చట్టం చేసి దాని ఫలితం కనబడే లోపు మళ్లీ ఎన్నికలొచ్చేస్తాయి. రాష్ట్రంలో రోడ్లు అధ్వానంగా ఉన్నాయి, బాగు చేయడానికి డబ్బు కావాలి. వాహనాల రిజిస్ట్రేషన్ ఫీజు పెంచుదామన్నారు. ఆయన మొదటి ప్రతిపాదన కారు విలువను బట్టి ఫీజు. కొత్త ఖరీదైన కారుంటే ఎక్కువ, పాత డొక్కు కారుంటే తక్కువ. చట్టసభలో వాహన వ్యాపారుల, రవాణా సంస్థల లాబీలు గట్టిగా అడ్డుపడ్డాయి. చివరికి 1979లో బయటికొచ్చిన చట్టంలో ఫీజు బరువును బట్టి ఖరారైంది.

చూడ్డానికి చిన్న మార్పే. కానీ ఆర్కన్సా పల్లెల్లో పేదవాళ్లు నడిపేవి పాతవి, బరువైనవి. పట్నంలో ఉన్నవాళ్లు కొనే కొత్త కార్లు తేలికవి. కొత్త కారున్నవాడు తక్కువ కట్టి, పాత పికప్ ట్రక్కు ఉన్నవాడు ఎక్కువ కట్టాల్సి వచ్చింది. పైగా ఇది నెలజీతంలో తెలియకుండా కోసుకునే పన్ను రకం కాదు. ఏటా కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రానికి పోయి, క్యూలో నిలబడి, జేబులోంచి తీసి ఇవ్వాలి. కౌంటర్ దగ్గర కొత్త రేటు విన్న మనిషికి ఎవరు గుర్తొస్తారో చెప్పనక్కర్లేదు. రోడ్డు మాత్రం ఎప్పుడో వేస్తారు, అదీ తన ఊరి మీదుగా పోతుందో లేదో తెలియదు.

దానికి తోడు 1980లో కేంద్రం క్యూబా శరణార్థులను ఆ రాష్ట్రంలోని ఫోర్ట్ షాఫీ సైనిక కేంద్రానికి పంపింది. అక్కడ అల్లర్లయ్యాయి. నిర్ణయం అధ్యక్షుడు కార్టర్‌ది, కోపం మాత్రం గవర్నర్ మీదికి వచ్చింది. ఆ నవంబరులో రిపబ్లికన్ ఫ్రాంక్ వైట్ దాదాపు 52 శాతం ఓట్లతో క్లింటన్‌ను ఓడించారు.

1982లో మళ్లీ పోటీకి దిగేముందు క్లింటన్ టీవీ ప్రకటన ఇచ్చి తప్పు ఒప్పుకున్నారు. చిన్నప్పుడు ఒకే తప్పుకు ఇంట్లో రెండుసార్లు దెబ్బలు తినాల్సి రాలేదని అర్థం వచ్చేలా మాట్లాడారు. గెలిచారు. అసలు ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాతిది. 1983లో అదే మనిషి మళ్లీ పన్ను పెంచారు, అదీ సామాన్యుడి మీదే పడే సేల్స్ టాక్స్, 3 శాతం నుంచి 4 శాతానికి. ఈసారి ఓడలేదు. 1984, 1986, 1990 ఎన్నికల్లో వరుసగా గెలిచారు.

ఏం మారింది? మూడు విషయాలు కనబడతాయి. మొదటిది, ఆ ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు బడుల నిధుల పంపకం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ఏదో ఒకటి చేయక తప్పని పరిస్థితి. రెండోది, హిల్లరీ క్లింటన్ అధ్యక్షతన వేసిన విద్యా ప్రమాణాల కమిటీ పన్ను వేయకముందే జిల్లాల్లాంటి కౌంటీలకు వెళ్లి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించింది. డబ్బు దేనికో ముందే తెలిసింది. మూడోది కాస్త కఠినమైంది. పన్నుతో పాటు ఉపాధ్యాయులకు పరీక్ష పెట్టాలని షరతు తెచ్చారు. ఉపాధ్యాయ సంఘం మండిపడింది. ఆ సంఘం అంతకుముందు ఆయనకు మద్దతిచ్చిందే. సొంత మనుషులకే చేదు మందు ఇస్తున్నాడన్న నమ్మకం పన్ను కట్టేవాడికి కలిగింది. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ, రాజకీయంగా మాత్రం పనిచేసింది.

సేల్స్ టాక్సే ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. 1934లో తెచ్చిన సవరణ ప్రకారం, అప్పటికే అమల్లో ఉన్న పన్నులను పెంచాలంటే ఉభయ సభల్లో నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. సేల్స్ టాక్స్ ఆ మరుసటి ఏడాది పుట్టింది కాబట్టి దానికి మామూలు మెజారిటీ చాలు. ఆదాయపు పన్ను పెంచి ధనికుల దగ్గర తీసుకోవడం కష్టం, కిరాణా కొట్టు బిల్లులో కలిపి అందరి దగ్గరా తీసుకోవడం సులువు. 1934లో రాసిన ఒక్క వాక్యం యాభై ఏళ్ల తర్వాత ఎవరు ఎంత కట్టాలో నిర్ణయించింది.

ఏ, బీ, సీ జాబితాలు

అమెరికా కేంద్ర ప్రభుత్వం అప్పు చేసి గడుపుకోగలదు. రాష్ట్రాలకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. వెర్మాంట్ తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఖర్చు ఆదాయానికి మించకూడదన్న నిబంధన ఉంది. కట్టడాల కోసం బాండ్లు అమ్ముకోవచ్చు, జీతాలకూ పథకాలకూ మాత్రం చేతిలో ఉన్నంతలోనే సరిపెట్టుకోవాలి.

ఆర్కన్సాలో దీనికి 1945 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ఖర్చులన్నిటినీ ఏ, బీ, సీ అనే వర్గాలుగా విడగొడతారు. డబ్బు వచ్చేకొద్దీ ముందు ఏ జాబితా నిండుతుంది, తర్వాత బీ, మిగిలితే సీ. ఆదాయం తగ్గిన ఏడాది సీలో ఉన్న పథకం కాగితం మీదే ఆగిపోతుంది. ఎన్నికల సభలో అన్ని హామీలూ ఒకే గొంతుతో చెబుతారు. వాటిలో నిజంగా ముఖ్యమైనవి ఏవో తెలుసుకోవాలంటే ఏ జాబితా చూడాలి.

హకబీ గవర్నర్‌గా ఉండగా 1997లో వచ్చిన ‘ఆర్‌కిడ్స్ ఫస్ట్’ పథకం, మరీ పేదలు కాకపోయినా బీమా కొనుక్కోలేని కుటుంబాల పిల్లలకు వైద్య భరోసా ఇచ్చింది. శాండర్స్ 2023లో తెచ్చిన విద్యా చట్టం ఉపాధ్యాయుల కనీస జీతాన్ని 36 వేల డాలర్ల నుంచి 50 వేలకు పెంచింది. దాంతోపాటే, పిల్లల్ని ప్రైవేటు బడిలో చేర్పించుకోవడానికి ప్రభుత్వ సొమ్ము వాడుకునే వీలు కల్పించింది. జీతాల పెంపును పొగిడినవాళ్లలో చాలామంది ప్రైవేటు బడుల ఏర్పాటును తిట్టారు. అక్కడ చట్టసభలో శాండర్స్ పార్టీకి భారీ మెజారిటీ ఉంది కాబట్టి రెండూ ఒకే మూటలో సాగిపోయాయి. మెజారిటీ లేని గవర్నర్‌కు ఆర్కన్సాలో చిక్కే, ఎందుకంటే ఆయన వీటోను సభలు మామూలు మెజారిటీతోనే తోసిపుచ్చగలవు. చాలా రాష్ట్రాల్లో దానికి మూడింట రెండు వంతులు కావాలి.

తలుపు చిన్నది, జీతం ఇంకా చిన్నది

50 రాష్ట్రాల్లో కలిపి సుమారు 7,400 మంది రాష్ట్ర చట్టసభ సభ్యులున్నారు. న్యూహాంప్‌షైర్ జనాభా 14 లక్షలు, అక్కడి దిగువ సభలో సభ్యులు 400 మంది. తలకు 3,500 మంది చొప్పున. మన లెక్కన ఇది ఒక ఓ మోస్తరు గ్రామ పంచాయతీ. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలుంటే, 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్కొక్కరి కింద దాదాపు 3 లక్షల మంది వస్తారు. న్యూహాంప్‌షైర్‌లో పోటీ చేయాలంటే కాళ్లకు చెప్పులేసుకుని నాలుగు వారాలు తిరిగితే చాలు. అన్నిచోట్లా అలా ఉండదు లెండి. కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ ఒక్కొక్కరు దాదాపు 10 లక్షల మందికి ప్రతినిధి.

జీతాల దగ్గరికొస్తే విచిత్రం. న్యూహాంప్‌షైర్ సభ్యుడికి ఏడాదికి 100 డాలర్లు. 1889 నాటి రాజ్యాంగ సవరణలో రాసిన అంకె ఇప్పటికీ అదే. టెక్సస్‌లో ఏడాదికి 7,200 డాలర్లు, సభ రెండేళ్లకోసారి 140 రోజులు మాత్రం కూర్చుంటుంది. వర్జీనియా దిగువ సభలో 17,640 డాలర్లు. కాలిఫోర్నియాలో 1 లక్షా 20 వేల డాలర్లు దాటుతుంది, అక్కడ ఇది పూర్తికాలపు ఉద్యోగం.

తక్కువ జీతం వెనక ఉన్న ఆలోచన మంచిదే. రాజకీయం బతుకుతెరువు కాకూడదు, రైతో టీచరో లాయరో కొన్నాళ్లు వచ్చి ప్రజల పని చేసి మళ్లీ తన పనికి పోవాలి. ఆచరణలో జరిగేది వేరు. ఏడాదిలో రెండు నెలలు సెలవిచ్చే యజమాని ఎంతమందికి దొరుకుతాడు? అందుకే సొంత ప్రాక్టీసు ఉన్న లాయర్లు, వ్యాపారులు, పింఛను వచ్చే రిటైరైనవాళ్లు ఇలాంటి సభల్లో ఎక్కువ కనిపిస్తారు. గంటల లెక్కన జీతం తీసుకునే నర్సు, గోదాములో పనిచేసే మనిషి తలుపు దాకా రాగలరు, లోపల నిలబడలేరు. సేవ అన్న పేరుతో జీతం లేకుండా చేస్తే, సేవ చేసే అవకాశం తీరిక ఉన్నవాళ్లకే మిగులుతుంది.

ఇంకో అడ్డంకి పోటీ లేకపోవడం. దాదాపు నాలుగింట మూడు వంతుల రాష్ట్రాల్లో గవర్నర్ పదవి, ఉభయ సభలూ ఒకే పార్టీ చేతిలో ఉన్నాయి. నియోజకవర్గాల గీతలు చాలాచోట్ల ఆ సభలే గీసుకుంటాయి. ఫలితం ముందే తెలిసిన సీటులో అసలు పోరు పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌లోనే, అయిపోతుంది. ప్రైమరీకి వచ్చే ఓటర్లు తక్కువ, వచ్చినవాళ్లు ఎక్కువగా గట్టి పార్టీ మనుషులు. మధ్యేమార్గంలో మాట్లాడే నాయకుడు అక్కడే పడిపోతాడు.

మేరీలాండ్: సేవకు జీతం కడితే

2022లో మేరీలాండ్ గవర్నర్‌గా ఎన్నికైన వెస్ మోర్, అంతకుముందు ఏ ఎన్నికల్లోనూ గెలిచిన మనిషి కాదు. సైన్యంలో పనిచేసి అఫ్గానిస్థాన్ వెళ్లొచ్చారు, పేదరికంపై పనిచేసే పెద్ద దాతృత్వ సంస్థను నడిపారు. ప్రచారంలో సేవ అన్న మాటను ఊతపదంలా వాడారు. 2023లో అది చట్టమైంది. హైస్కూల్ పూర్తిచేసిన యువతకు ఏడాది పాటు సేవా సంస్థల్లోనో ప్రభుత్వ విభాగాల్లోనో పని, గంటకు కనీసం 15 డాలర్లు, ముగించాక చేతికి 6,000 డాలర్లు. ఒక రాష్ట్రం ఇలాంటి ఏర్పాటు చేయడం అమెరికాలో మొదటిసారి. జీతం లేని సేవ ఎవరికి సాధ్యమో పైన చూశాం. ఈ పథకం ఆ లోపాన్ని సరిగ్గా పట్టుకుంది.

మళ్లీ డబ్బు ప్రశ్నే. మేరీలాండ్ గవర్నర్‌కు బడ్జెట్‌పై పట్టు చాలా రాష్ట్రాల కంటే ఎక్కువ. వంద ఏళ్లకు పైగా అక్కడి చట్టసభ బడ్జెట్‌లో కోత పెట్టగలిగేది గానీ పెంచలేకపోయేది. 2020లో ఓటర్లు ఆమోదించిన సవరణతో ఇటీవలే అది సడలింది. అంత పట్టున్న గవర్నర్‌కూ 2025లో 300 కోట్ల డాలర్ల పైచిలుకు లోటు ఎదురైంది. డేటా, ఐటీ సేవలపై కొత్తగా 3 శాతం పన్ను వచ్చింది. వాషింగ్టన్ చుట్టుపక్కల చిన్న ఐటీ కంపెనీలు నడిపే తెలుగువాళ్లకు ఈ వార్త బాగానే గుర్తుండాలి. అంతకుముందే 2024 జులై నుంచి వాహనాల రిజిస్ట్రేషన్ ఫీజు పెరిగింది. ఎంత పెరగాలన్నది వాహనం బరువును బట్టి. ఆర్కన్సాలో ఆ చట్టం వచ్చిన 45 ఏళ్లకు సరిగ్గా అదే కొలత.

లెఫ్టినెంట్ గవర్నర్ ఏం చేస్తారు

మనకు లెఫ్టినెంట్ గవర్నర్ అనగానే ఢిల్లీ, పుదుచ్చేరి గుర్తొస్తాయి, అంటే కేంద్రం పంపిన మనిషి. అమెరికాలో అది రాష్ట్రంలో రెండో స్థానం. కొన్ని రాష్ట్రాల్లో ఆ పదవే లేదు. ఉన్నచోట కూడా అధికారం ఒకేలా ఉండదు. టెక్సస్‌లో లెఫ్టినెంట్ గవర్నరే సెనేట్‌ను నడుపుతారు, ఏ బిల్లు ఏ కమిటీకి పోవాలో ఆయనే నిర్ణయిస్తారు. బిల్లుల బతుకూ చావూ చాలావరకు ఆయన చేతిలోనే. మేరీలాండ్‌లో గవర్నర్ అప్పగించిన పని తప్ప సొంత అధికారం ఏమీ లేదు. ఇద్దరూ జోడీగా పోటీ చేస్తారు. మన డిప్యూటీ సీఎంలా ఎంత పని దొరుకుతుందన్నది పైవాళ్ల ఇష్టం.

మోర్‌కు జోడీగా గెలిచిన వ్యక్తి అరుణా మిల్లర్. పుట్టింటి పేరు కాట్రగడ్డ, పుట్టింది హైదరాబాద్‌లో, ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. సివిల్ ఇంజినీరుగా చదివి, మాంట్‌గోమరీ కౌంటీ రవాణా విభాగంలో ఏళ్ల తరబడి పనిచేశారు. 2000లో పౌరసత్వం వచ్చింది, పదేళ్లు తిరిగేసరికి రాష్ట్ర దిగువ సభకు ఎన్నికయ్యారు. 2018లో అమెరికా కాంగ్రెస్‌కు వెళ్దామని ప్రైమరీలో దిగితే, కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు ఖర్చుపెట్టిన వ్యాపారవేత్త చేతిలో ఓడిపోయారు. రాష్ట్ర స్థాయి తలుపుకూ జాతీయ స్థాయి తలుపుకూ తేడా ఈ రెండు ఎన్నికల్లో కనిపిస్తుంది.

వర్జీనియాలో 2025 నవంబరులో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లోనే పుట్టారు. నాలుగేళ్ల వయసులో వెళ్లి, దాదాపు 30 ఏళ్లు కాలేజీల్లో ఆంగ్ల సాహిత్యం చెప్పారు. కొన్ని ముస్లిం దేశాల వారిపై 2017లో ట్రంప్ పెట్టిన ప్రయాణ నిషేధం చూశాకే రాజకీయాల వైపు ఆలోచించానని ఆమె చెప్పారు. 2019లో రిపబ్లికన్ సిట్టింగ్ సభ్యుణ్ని ఓడించి రాష్ట్ర సెనేట్‌లోకి వచ్చారు. వర్జీనియాలో ఈ పదవికి విడిగా ఓటేస్తారు, కాబట్టి గవర్నర్ ఒక పార్టీ, లెఫ్టినెంట్ గవర్నర్ ఇంకో పార్టీ అయ్యే వీలుంది. చేయాల్సిన పని సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సమానమైతే తన ఓటుతో తేల్చడం. డెమొక్రాట్ల బలం 21, రిపబ్లికన్లది 19. సొంత పార్టీలో ఒక్కరు అటు దూకితే చాలు, ఆమె ఓటు అవసరమవుతుంది.

పదవికి మరో పని కూడా ఉంది, అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. 1992 చివర్లో క్లింటన్ అధ్యక్ష పదవికి వెళ్తూ గవర్నర్‌గిరీ వదులుకుంటే లెఫ్టినెంట్ గవర్నర్ జిమ్ గై టక్కర్ ఆ కుర్చీలోకి వచ్చారు. ఖాళీ అయిన రెండో స్థానానికి 1993లో ప్రత్యేక ఎన్నిక జరిగితే మైక్ హకబీ గెలిచారు. అక్కడా ఈ పదవికి విడిగా ఎన్నికే కాబట్టి డెమొక్రాట్ గవర్నర్ పక్కన రిపబ్లికన్ కూర్చున్నారు. 1996లో టక్కర్ ఒక కేసులో దోషిగా తేలి రాజీనామా చేశారు. ఆ జులైలో ఒక్క ఓటు కూడా పడకుండానే రాష్ట్రం ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారింది, హోప్‌లో పుట్టిన రెండో మనిషి గవర్నరయ్యారు.

వర్జీనియాలో అంత నాటకం అక్కర్లేదు. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయకూడదు, దేశంలో ఇలాంటి నిబంధన ఉన్న రాష్ట్రం అదొక్కటే. తొలి మహిళా గవర్నర్‌గా గెలిచిన అబిగైల్ స్పాన్‌బర్గర్ 2029లో బరిలో ఉండరు. లెఫ్టినెంట్ గవర్నర్‌కు ఆ పరిమితి లేదు.